మొదటి బోనం ఎత్తనన్న ఇంద్రమ్మ

ఇంద్రమ్మకు దేవుని మీద అనుమానం పుట్టింది ఇంట్ల ఎవరో చచ్చినప్పుడు కాదు, పంట ఎండినప్పుడూ కాదు. అన్నీ మంచిగ నడుస్తున్నప్పుడు పుట్టింది. అదే ఆమె పరేషాని. కష్టమొచ్చి దేవుణ్ణి ఇడిసిపెట్టినోళ్లను చూసి లోకం అయ్యో పాపం అంటది. సుఖమొచ్చి ఇడిసిపెట్టినదాన్ని ఏమంటది? బలిసింది అంటది. అన్నరు గూడ, వాకిట్ల నిలవడి మరీ అన్నరు.

ఆమెది చంపాపేట దాటి కర్మన్‌ఘాట్ దిక్కు పోయే బాట మీద చిన్న ఊరు. పెనిమిటి అంజయ్య, మరిది బుచ్చయ్య ఎవుసం జేస్తుండిరి. జొన్న, ఆముదం, బాయి కింద ఇంత వరి. ఎనభై రెండు, ఎనభై మూడుల దిల్‌సుఖ్‌నగర్ నిండి ఇటు పొర్లింది. పొద్దుగాల లేస్తే స్కూటర్ల మీద మొగుడు పెండ్లాలు వచ్చి జొన్నచేన్ల నిలవడి, ఇక్కడ హాలు వస్తుంది, ఇక్కడ వంటిల్లు వస్తుందని చేతులు చూపుకుంటుండిరి. ఇంద్రమ్మ కలుపు తీసుకుంట వాళ్ల ముంగల నుంచే పోయేది. ఆమె వాళ్ల వంటింట్ల నుంచి పోతున్నదని వాళ్లకేం ఎరుక.

ఆ చెలక నడుమ వేపచెట్టు, దాని కింద గూడు, గూట్లె మూడు రాళ్లు. అదే పోచమ్మ. ఆషాఢంల ఊరంత బోనాలు తీస్తే మొదటి బోనం అంజయ్య ఇంటి పెద్ద కోడలు ఎత్తాలె. అత్త అండాలమ్మ పోయినంక ఇరవై రెండేండ్లు ఇంద్రమ్మనే ఎత్తింది. బోనం ఎత్తుడే కాదు, గూటి ముంగల నిలవడి, "తల్లీ, నీ బిడ్డలం, నిన్నే నమ్ముకున్నం, తప్పుంటే కడుపుల పెట్టుకో" అని ఊరు మొత్తం ఇనేటట్టు చెప్పాలె. ఆమె నోటి నుంచి ఆ మాట పడ్డంకనే ఎనకున్న ఆడోళ్లు నెత్తుల మీది కుండలు దించాలె. అది ఆ ఊరి రివాజు. కుండ కింద ఎనభై మంది మెడలు నొప్పి పెడుతుంటే ఇంద్రమ్మ నింపాదిగ, ఒక్క అక్షరం మింగకుండ చెప్పేది. ఆ గొంతు చూసుకొని ఆమెకు గర్వం. లేదంటే అబద్ధం.

ఎనభై నాలుగుల అన్నదమ్ములు చెలకను ప్లాట్లు జేసెటందుకు ఒప్పుకున్నరు. లేఅవుటు జేసే ఆయన పెద్ద కాయిదం పరిచి గీతలు చూపిచ్చిండు. ఆ గీతల లెక్కన పోచమ్మ ముప్పై ఫీట్ల రోడ్డు నడిమిట్ల కూసున్నది. గీత వంగదట, అమ్మనే జరగాలెనట. మొగోళ్లు అరుగు మీద కూసోని మాట్లాడుకున్నరు. మూలకు పార్కు అని కొంత జాగ ఇడిసిన్రు గద, అండ్ల గుడి గట్టిచ్చి పెడదాం, అమ్మకు నీడ అయితది, గచ్చు అయితది, ఆమెకు మాత్రం ఇంతకన్న ఏం గావాలె అనుకున్నరు. అమ్మకు ఏం గావాల్నో వాళ్లే తేల్చిన్రు.

అమ్మ పూజలు జేసే బైండ్లాయన వచ్చి నేల మీద రంగుల ముగ్గు, పట్నం ఏసిండు. మేకను కోసిన్రు, అమ్మ ముంగల నేల మీద కల్లు సాక పోసిన్రు. ఆ తర్వాత గడ్డపార పెట్టి మూడు రాళ్లను పెకిలిచ్చి, గోనెసంచులల్ల చుట్టి, వరిగడ్డి పరిచిన ట్రాక్టర్ల ఎక్కిచ్చిన్రు. ట్రాలీ గుంతల పడ్డప్పుడల్ల రాయికి రాయి తాకి ఠక్కుమన్నది. ట్రాక్టరు ఎనక నడుస్తున్న ఇంద్రమ్మకు ఆ సప్పుడు పండ్లల్ల తాకింది. అయిపోయింది మన పని, ఈ రాత్రికి రాత్రే ఊరు మొత్తం మంచం పడతది అనుకున్నది. మూడు దినాలు మెతుకు ముట్టలే. వేపచెట్టును నాలుగో దినం నరికిన్రు.

ఇగ చూసుకుంట కూసున్నది. ఏం గాలే.

వారం గడిచింది, నెల గడిచింది. బర్రె ఈనింది, పెయ్యదూడను. అంజయ్యకు ఆరేండ్ల సంది ఉన్న దగ్గు తగ్గింది. ప్లాట్ల పైసలతోని గట్టిన కొత్తింటికి బోరు ఏస్తే తియ్యటి నీళ్లు పడ్డయి. డిగ్రీ తప్పి ఇంట్ల కూసున్న కొడుకుకు ఆటోనగర్ల కొలువు దొరికింది. పార్కు పక్క ప్లాట్లయితే, గుడి దగ్గర కదా అని, అందరికన్న ముందుగాల పోయినయి. అంజయ్య అమ్మ దయ, అమ్మ దయ అని తిరుగుతుండె. ఇంద్రమ్మకు మాత్రం లోపల ఏదో తెగింది. ఒక్క మాట ఎక్కువైతేనే మూడు దినాలు మొకం మాడ్చుకునే మనుషులుండంగ, గడ్డపారతోని లేపి, సంచిల గట్టి, బండ్లేసి తీస్కపోతే కిక్కురుమనని ఆమె ఎట్ల తల్లి? ఓపికనా? అంత ఓపిక ఇంతకుముందు ఎన్నడు లేకుండె. చిన్న మైల తగిలితేనే ఊర్లె పోరగాండ్లకు జరాలు తెచ్చేదంటిరి. లేకపోతే... ఆ లేకపోతే అన్న కాడికి రాంగనే ఇంద్రమ్మ లేసి ఏదన్న పని అందుకునేది. ఇల్లు రెండుసార్లు ఊడ్చేది.

ఎనభై అయిదుల, ఎనభై ఆరుల బోనం ఎత్తింది. మాట చెప్పింది గాని గొంతు తనది గానట్టు ఇనవడ్డది. అంతకుముందు ప్రతి మంగళారం గూడు కడుక్కుంట ఇంద్రమ్మ అమ్మను బాగ తిట్టేది. వాన లేకపోతే, "కండ్లున్నయా నీకు, వెండి కండ్లు పెట్టిచ్చినందుకు అవన్న తెరువు" అని అడిగేది. కొత్త గుడిల చలువరాళ్ల మీద కూసోబెట్టినంక తిట్టబుద్ధి గాలే. ఇంట్ల లేనోళ్లను ఎవరు తిడతరు.

కొత్తింట్ల ఎనక పోర్షన్ల కిరాయికి దిగినోళ్లు సాంబమూర్తి, సూర్యప్రభ. గుంటూరు దిక్కు మనుషులు. ఆయన తపాలా ఆఫీసుల పనిజేసి రిటైరైనోడు. ఆమె వంటింటి అరల దేవుండ్లు బస్సుల జనం లెక్క ఒకరి మీద ఒకరు ఉండేది. పూజ లేని వారం లేదు, ఉపాసం లేని నెల లేదు. ఆయనది మాత్రం ముందటర్రల ఒకటే పటం, కండ్లు దించుకొని కూసున్న బుద్ధుడిది. దానికి దండ లేదు, బొట్టు లేదు. తెల్లారంగనే ఆయన దాని ముంగల పీట మీద వీపు సక్కగ పెట్టి కండ్లు మూసుకొని కూసునేది. నీళ్ల మోటరు ఏసెటందుకు ఎనకకు వచ్చిన ఇంద్రమ్మ నాలుగు దినాలు చూసింది. పెండ్లాంతోని తగాదా పడి అలిగిండేమో అనుకున్నది. అయిదో దినం అడిగింది.

"పానం బాగలేదా సారూ?"

"బాగానే ఉందమ్మా. ఊరికే కూర్చుంటాను."

ఆ పటమెవరిది అంటే చెప్పిండు. ఏం మొక్కుతరు అంటే ఏమీ మొక్కనన్నడు. బుద్ధుడు దేవుడు కాదట. దుఃఖం ఎక్కణ్ణుంచి వస్తదో చూసి, దాంట్లకెళ్లి బయటపడే బాట చెప్పినోడట. చౌరస్తాల బాట చెప్పినోడికి టెంకాయ కొడతమా అని సాంబమూర్తి నవ్విండు.

"కొట్టం," అన్నది ఇంద్రమ్మ. "మంచినీళ్లన్న ఇస్తం. సరేగాని సారూ, దేవుడే లేడంటిరి. మరి కోపమొస్తే ఎవర్ని తిడతరు?"

వంటింట్లకెళ్లి సూర్యప్రభ అందుకున్నది. "ఆ లోటు తీర్చడానికి నేనున్నానుగా, వదినగారూ."

దేవుడున్నడా లేడా అని బుద్ధుణ్ణి ఎవరో అడిగితే ఆయన ఏం మాట్లాడకుండ కూసున్నడని ఇంకో దినం సాంబమూర్తి చెప్పిండు. ఇంద్రమ్మ ఆ మాటను పట్టుకొని వారం దినాలు నమిలింది. తెలిసి ఊకున్నడా, తెల్వక ఊకున్నడా? అడిగితే, అది తనకూ తెలియదన్నడు సాంబమూర్తి. ఆ మాట ఆమెకు నచ్చింది. బైండ్లాయనను ఏమడిగినా తెల్వదు అన్నది ఆయన నోట్ల నుంచి ఎన్నడు రాలే. తెల్వదని చెప్పే మొగోణ్ణి ఇంద్రమ్మ నలభై ఏండ్లల్ల మొదటిసారి చూసింది. ఊకున్నందుకు పోచమ్మ మీద అనుమానం, అదే ఊకున్నందుకు బుద్ధుని మీద మనసు. ఇదేం తిరకాసో ఆమెకే సమజ్ గాలే.

ఆమె గూడ కూసునుడు మొదలుపెట్టింది. ఊపిరి వచ్చుడు, పోవుడు చూడాలెనట. ఊపిరి రెండుసార్లు వస్తది, మూడోసారికి బర్రె వస్తది. బర్రెను ఎల్లగొడితే కోడలు భూలక్ష్మి చెయ్యి జారిచ్చిన నూనె గిన్నె వస్తది. అయినా కూసున్నది. లేసినంక ఒక ఘడియ సేపు ఎవరినీ ఏమనబుద్ధి అయ్యేది కాదు. అత్తకు పానం బాగలేదేమో అని భూలక్ష్మి రెండుసార్లు నుదురు ముట్టి చూసింది.

ఎనభై ఏడు ఎండకాలంల ఆ మొగుడు పెండ్లాలు నాగార్జునసాగర్ పోతుంటే ఇంద్రమ్మ గూడ బస్సెక్కింది. ఎల్బీనగర్ కాడ ఎక్కితే ఇబ్రహీంపట్నం దాక నిలవడే పోవాల్సొచ్చింది. సాగర్ల లాంచి ఎక్కి నీళ్ల నడిమి కొండకు పోయిన్రు. అక్కడ పాత రాళ్లు పెట్టిన మ్యూజియం. నిలవడ్డ బుద్ధుని రాయి ఒకటి పెద్దది. సాంబమూర్తి రాతలు చదువుకుంట ముందుకు పోయిండు. ఇంద్రమ్మ అక్కడ్నే ఆగింది.

పోచమ్మవి గుండ్రటి వెండి కండ్లు. ఏ మూలకు పోయినా ఎనకంగ ఎనకంగ వచ్చేటియి. ఏం జేస్తున్నవే, ఏం దాస్తున్నవే అన్నట్టుండేటియి. ఈయన కండ్లు కిందికి ఉన్నయి. ఎవరినీ చూస్తలేడు. ఎవరూ చూడని కాడ నిలవడుడు ఎట్లుంటదో ఇంద్రమ్మకు ఆ దినం ఎరుకైంది. నెత్తి మీద మోపు దించినట్టయింది. నిమ్మళంగ ఊపిరి పీల్చుకున్నది.

అంతవరకు బాగనే ఉన్నది. ఆ నిమ్మళం పోకూడదని ఆమె ఒక పని జేసింది. కొంగున గట్టి తెచ్చుకున్న పసుపు, కుంకుమ విప్పి ఆ రాతికాళ్లకు పెట్టి, లోపల లోపల మొక్కింది. అయ్యా, నేను ఈ ఏడు బోనం ఎత్త. నమ్మకం లేకుండ నమ్ముకున్నం అని చెప్ప. దానికి పోచమ్మ కోపం జేసి మా ఇంటి మీదికి రాకుండ నువ్వు అడ్డం ఉండు. ఉంటే ఏడాది దాక కల్లు ముట్ట. అప్పటికే పహరా ఆయన వచ్చి, ఇది గుడి కాదమ్మా, రాయి ఖరాబైతదని చెప్పిండు. ఇంద్రమ్మ కొంగుతోనే తుడిసింది. పసుపు పోయింది గాని రాతి ఏలు సందుల కుంకుమ జర మిగిలింది.

వచ్చేటప్పుడు బస్సుల మొక్కు సంగతి చెప్తే సాంబమూర్తి మొకం చిన్నగ జేసుకున్నడు. చివరికి ఆయన్ని కూడా పోచమ్మను చేసేశారు కదమ్మా అన్నడు. సూర్యప్రభ మాత్రం, పోనిద్దురూ, ఎక్కడైనా మొక్కు మొక్కే అని ఉప్పు శనగలు చేతుల పోసింది. ఇంద్రమ్మకు కోపమొచ్చింది. మొక్కు లేకుండ మనసును ఎట్ల పెట్టాల్నో ఆమెకు ఎవరు నేర్పిన్రు గనుక. చేతులు జోడిచ్చినప్పుడల్ల ఏదో ఒకటి అడుగుడే నేర్పిన్రు.

బోనం ఎత్తనని ఆమె అంజయ్యకు చెప్పింది. మోకాలు నొప్పి అనో, కండ్లు తిరుగుతున్నయనో ఒక మాట చెప్తే అయిపోవు. ఇంద్రమ్మ ఆ రకం కాదు. నమ్మకం లేదు, చెప్తే అబద్ధమైతది, అందుకే ఎత్త అన్నది. అంజయ్య బీడీ ముట్టిచ్చి, ఆ మాట ఇంకెవరితోని అనకు అన్నడు. రెండు దినాలల్ల ఊరంత తెలిసింది. మొదటి బోనం ఇయ్యాల ఈ ఇంటోళ్లు ఇడిసిపెడితే రేపు ఇంకో ఇంటోళ్లు అందుకుంటరు, మళ్ల తిరిగి రాదు. అంజయ్య భయమదే. చెలకలు పోయినంక ఊర్లె ఆ ఇంటికి మిగిలిన పెద్దరికం అదొక్కటే. యారాలు కృష్ణమ్మకు, అంటే బుచ్చయ్య పెండ్లానికి, ఇంద్రమ్మ జాగ మీద ఎప్పటి సందో కన్నున్నదని ఆడోళ్లు అనుకున్నరు. ఇంద్రమ్మ గూడ అట్లనే అనుకున్నది. కృష్ణమ్మ నోరు ఇప్పని మనిషి. నోరు ఇప్పనోళ్ల కడుపుల ఏమేమో ఉన్నయని అనుకునుడు మనుషులకు అలవాటు.

బోనాలకు ఇరవై దినాలు ఉన్నదనంగ మనమరాలు అండాలుకు జరమొచ్చింది. నాలుగేండ్ల పిల్ల. రెండో దినం పొద్దుగాల భూలక్ష్మి అంగీ ఇప్పి చూసి, అత్తా అని పిలిచింది. పొట్ట మీద, వీపు మీద నీటి బుగ్గలు. తల్లి పోసింది.

ఆ బుగ్గలు చూడంగనే ఇంద్రమ్మ గుండెల మొదలు పుట్టింది భయం కాదు. సంతోషం. ఉన్నది! ఉన్నది, కోపమొచ్చింది, నా ఇంటికే వచ్చింది అని ఒక్క రెప్పపాటు లోపల దీపం ఎలిగినట్టయింది. మూడేండ్ల సంది వాకిట్ల ఎదురుచూసిన మనిషి రానే వచ్చినట్టు. అంతల పిల్ల నీళ్లు అని మూలిగింది. ఇంద్రమ్మ నీళ్లు తాగిపిచ్చింది. పిల్ల ఒళ్లు కాలుతుంటే సంతోషపడ్డదాన్ని, నన్నేమనాలె? ఒక రాయి మాట్లాడినందుకు పసిపిల్ల ఒళ్లు అడిగిన్నా నేను?

ఏం జెయ్యాల్నో చేతులకు తెలుసు గనుక చేతులు జేసుకుంట పోయినయి. దర్వాజకు వేపకొమ్మలు గట్టింది. ఇంట్ల పోపు బంద్, నీసు బంద్. మంచం మీద వేపాకు పరిచింది. పెరుగన్నం పెట్టింది. భూలక్ష్మి దిల్‌సుఖ్‌నగర్ల డాక్టరుకు చూపిచ్చి గులాబి రంగు మందు తెచ్చింది, ఇంద్రమ్మ వద్దనలే. పగలు మందు రాసింది, దాని మీద వేపరెమ్మతోని ఇసిరింది. చూడొచ్చినోళ్లు గడప ఇవతలనే నిలవడి, అమ్మను కాదంటే ఊకుంటదా అని మెల్లగ అనిపోయిన్రు. ఇంద్రమ్మకు ఎదురు చెప్పే నోరు లేకుండె. అది అన్నిటికన్న చిత్రం.

మూడో దినం ఆమె ఎనక పోర్షనుకు పోయింది. మీ బుద్ధుడు నా మొక్కు ఇనలే సారూ అని మొదలుపెట్టి, అసలు సంగతి చెప్పింది. "పిల్ల ఒళ్లు చూసి నాకు సంతోషమైంది. గింత సంతోషం నా పెండ్లి నాడు గూడ గాలే."

సాంబమూర్తి పీట మీది నుంచి లేసి నిలవడ్డడు. చూశారు కదమ్మా, అది మీలో ఉందని చూశారు, చూడటమే మొదలు అన్నడు.

"చూస్తే పోతదా?"

"వెంటనే పోదు."

"మరెందుకు చూసుడు?"

ఆయన మాట్లాడలే. అది బుద్ధుడు మాట్లాడకుండ కూసున్న తీరా, ఏం చెప్పాల్నో తోచని తీరా, ఇంద్రమ్మ మొకం చూసి పోల్చుకోలేకపోయింది. ఒకటి మాత్రం అడిగిండు, పిల్లకు దురద తగ్గిందా అని. తగ్గలేదని చెప్పి వచ్చేసింది. సూర్యప్రభ ఎనకనే ఉరికొచ్చి సత్యనారాయణస్వామి కుంకుమ పొట్లం చేతుల పెట్టింది. అది గూడ తీసుకున్నది. ఆ దినాలల్ల ఎవరేమిచ్చినా తీసుకున్నది.

పదకొండో దినానికి బుగ్గలు మాడిపోయినయి. పిల్లకు వేపాకు నీళ్లు పోసిన్రు. అమ్మ చల్లగ చూసి పోయింది అన్నది ఊరు. మందు పనిజేసింది అన్నది భూలక్ష్మి. ఇది మందున్నా లేకున్నా పది రోజులకు పోతుందన్నడు సాంబమూర్తి. ముగ్గురి మాటా నిజమే అయ్యేటట్టుంటే ఎవర్ని నమ్మాలె? అమ్మ వచ్చిందనుకుంటే, గడ్డపార పెట్టినోళ్లను ఇడిసిపెట్టి పసిదాని మీదికి వచ్చిన తల్లిని మొక్కబుద్ధి గాదు. రాలేదనుకుంటే, ఆ సంతోషం ఎక్కణ్ణుంచి వచ్చినట్టు? అంజయ్య వచ్చి పక్కన కూసోని, ఇగ ఎత్తుతవు గద అన్నడు. ఎత్త అన్నది. ఇంత అయినంక గూడనా అన్నడు. ఇంత అయినందుకే అన్నది. ఆమె జవాబు ఆమెకే సరిగ సమజ్ గాలేదు గాని నోరు మాత్రం అదే చెప్పింది.

ఇంకో ఇంటికి పోవద్దని బోనాల ఐతారం మొదటి కుండ చిన్న కోడలు కృష్ణమ్మ నెత్తికెక్కింది. ఇంట్ల కూసుందామనుకున్న ఇంద్రమ్మ డప్పు సప్పుడు ఇంటి ముంగలికి రాంగనే లేసింది. ఉత్త చేతులతోని, ఉత్త నెత్తితోని అందరికన్న ఎనక నడిసింది. ఇరవై రెండేండ్లు ముంగల నడిసిన మనిషికి ఎనక నుంచి బోనాలెట్లుంటయో ఎరుక లేదు. పగిలిన మడిమెలు, పసుపు నీళ్లకు తడిసిన కుచ్చిళ్లు, ఎవరి పిల్లనో ఎవరో ఎత్తుకొని నడుసుడు. కొత్త కాలనీ ఆడోళ్లు మేడల మీద నిలవడి చూస్తుండిరి.

గుడి ముంగల కృష్ణమ్మ ఆగింది. మాట చెప్పాలె. నోరు ఇప్పింది, మాట రాలే. కుండ వణికింది. పక్కనోళ్లు కుండ అందుకునేలోపలనే జుట్టు ఇడివడ్డది, శిగమూగుడు మొదలైంది. కృష్ణమ్మ మీదికి అమ్మ వచ్చుడు ఊరు ఎన్నడు చూడలే. డప్పులు జోరైనయి. బైండ్లాయన నిమ్మకాయ కోసి, ఏం గావాలె తల్లీ, ఏం తప్పైందో చెప్పు అన్నడు.

"నా పెద్ద కోడలేది?" అన్నది కృష్ణమ్మ. గొంతు ఆమెది కాదు.

పదిమంది చేతులు ఇంద్రమ్మను ముంగలికి నూకినయి. ఊరు మొత్తం చూస్తున్నది. కాళ్ల మీద పడి తప్పైంది తల్లీ అంటే అక్కడికి అయిపోతది, బోనం మళ్ల పెద్ద కోడలికొస్తది. అంజయ్య కండ్లతోనే బతిమాలుతున్నడు. ఇంద్రమ్మ పడలే. నిలవడి అడిగింది. మూడేండ్ల సంది లోపల ఊరుతున్నది ఒక్కసారి వచ్చింది.

"నిన్ను సంచిల గట్టి ట్రాక్టర్లేసిన నాడు ఎందుకు మాట్లాడలే నువ్వు?"

డప్పులాయన చెయ్యి ఆగింది. కృష్ణమ్మ ఊగుకుంటనే కండ్లు పెద్దగ జేసి ఆమెను చూసింది.

"నన్నెవరన్న అడిగిన్రా?" అన్నది. "ఒక్కరన్న అడిగిన్రానే?"

బైండ్లాయన నిమ్మకాయ ముక్కలు చేతుల పట్టుకొని అట్లనే ఉన్నడు. బుచ్చయ్య తల దించుకున్నడు. ఇంద్రమ్మకు అప్పుడు రిజిస్ట్రీ ఆఫీసు యాదికొచ్చింది. ఆ చెలకల కొంత అత్త అండాలమ్మ ఇద్దరు కోడండ్ల పేరు మీద రాసింది గనుక ఇద్దరినీ జీపుల తోలుకపోయిన్రు. కృష్ణమ్మ ఏలికి నల్లసిరా పూసుకొని, అక్కా ఇదేం కాయిదం, మన చెలక పోతదా అని మెల్లగ అడిగింది. పెట్టు, పెట్టు, మొగోళ్లు చూసుకుంటరు అని ఆమె ఏలు పట్టి కాయిదం మీద ఒత్తింది ఎవరో కాదు. ఇంద్రమ్మనే.

అడిగిన్రా అన్నది అమ్మనా, కృష్ణమ్మనా? అమ్మ అయితే మూడేండ్లకు జవాబు దొరికింది, బోనం ఎత్తాలె. కృష్ణమ్మ అయితే దేవత లేదు, ఉన్నది ఒక ఆడమనిషి గోస. పీట మీద కూసోని చూడుమని సాంబమూర్తి అన్నది గదే గావచ్చు. రెండిట్ల ఏది అని ఆలోచన జేసే తీరిక లేకుండనే కృష్ణమ్మ మోకాళ్లు మడతవడ్డయి. ఇంద్రమ్మ పట్టుకున్నది. తన ఒళ్లె కూలవడ్డ మనిషి మొకాన చెమట, పసుపు కలిసి కారుతున్నయి. పెదవులు ఎండి తెల్లగైనయి. నీళ్లు అని అరిస్తే భూలక్ష్మి చెంబు అందిచ్చింది. నా చేతుల ఉన్నది ఎవరో నాకు తెల్వదు గాని ఎవరికైన దూప అయితది గద అనుకుంట కొంచెం కొంచెం తాగిపిచ్చింది.

ఆ మాట ఆ ఏడు ఎవ్వరూ చెప్పలే. మెడలు నొప్పి పుట్టి ఆడోళ్లు ఒకరెనుక ఒకరు వాళ్లంతట వాళ్లే కుండలు దించుకున్నరు.

తెల్లారి ఇంద్రమ్మ పీట మీద కూసున్నది. ఊపిరి రెండుసార్లు వచ్చింది, మూడోసారికి అదే మాట వచ్చింది. ఎల్లగొడితే పోలే. ఇంక కూసోలేక లేసి, చెప్పులు గూడ తొడగకుండ మరిది ఇంటికి పోయింది. కృష్ణమ్మ వాకిట్ల అంట్లు తోముతున్నది. మెడ పట్టేసినట్టున్నది, తల తిప్పలేక మనిషి మొత్తం తిరిగి చూసింది.

"నీకేం గావాలె కృష్ణమ్మా?" అని అడిగింది ఇంద్రమ్మ.

కృష్ణమ్మ చేతుల గిన్నె ఆగింది. "ఏందక్కా, పొద్దుగాల పొద్దుగాల గట్ల అడుగుతున్నవ్? నాకు భయమైతుంది." బూడిద చేతులు కొంగుకు తుడుసుకున్నది. "నిన్న నేనేమన్న అన్ననా? నాకేం యాది లేదు. ఎవరినడిగినా చెప్తలేరు."

ఇంద్రమ్మ ఆ మొకాన్ని పరీక్షగ చూసింది. నిజంగనే యాది లేదా, అడుగుతున్నట్టే అడిగి దాస్తున్నదా? ముప్పై ఏండ్లు ఒక్క ఇంటి కోడండ్లు, ఆ మొకాన్ని ఇంత సేపు చూసింది మాత్రం గిదే మొదలు. ఏం తెల్వలే. బోర్లేసిన బకెట్ మీద కూసున్నది.

"అన్నవ్," అన్నది. "ముందుగాల చాయ్ పెట్టు. చెప్త."